ఇంకొక్క కాపు దాకా

మోకాళ్ళ నొప్పులకి డాక్టరుని అడక్కుండా మందుల కొట్లో బిళ్ళలు తెచ్చుకుని మింగేవాళ్ళందరికీ ముందుగా ఒక దణ్ణం. మా అమ్మ పన్నెండేళ్ళు మింగింది. ఆ బిళ్ళలన్నీ వరసగా పేరిస్తే మా ముసునూరు నుంచి నూజివీడు దాకా రోడ్డు మధ్యన తెల్లగీత పడుతుంది. బిళ్ళ లోపల పడిన అరగంటకి అమ్మ లేచి తోటకి వెళ్ళిపోయేది. మోకాలు నోరు మూసుకునేది. కిడ్నీలు కూడా అలాగే నోరు మూసుకుని ఒక్కొక్క పనే మానేస్తున్నాయని మాకు తెలియలేదు. బీపీ చూపించుకోమంటే, "నాకు బీపీ ఏంట్రా, నేనే ఊరందరికీ బీపీ" అనేది.

అమ్మ పోయి పది నెలలైంది. ఈ కథ నోటితో చెప్పబోయినప్పుడల్లా మధ్యలో జోకు వేసి పారిపోతున్నాను. అది కనిపెట్టిన మా ఆవిడ పద్మ, ఒక ఆదివారం కాగితాలూ పెన్నూ నా ముందు పెట్టి, "కూర్చుని పూర్తిగా చెప్పండి. ఉన్నదానికి రెండింతలు చెప్పినా ఫర్వాలేదు, సగం మాత్రం చెప్పకండి" అంది. అందుకని కూర్చున్నాను.

అమ్మ పేరు వెంకటరత్నం. ఊరికి రత్నమ్మగారు. నాన్న పోయాక పాతికేళ్ళపాటు మా ఆరెకరాల మామిడితోటని ఆవిడే చూసింది. (బయట పదహారెకరాలని చెబుతుంటాను. మిగతా పదీ నా నోట్లో కాస్తాయి.) ఏటా కాయ దించి వ్యాపారి లారీకెత్తే ముందు, ఊళ్ళో నలభై రెండు ఇళ్ళకి ఒక్కో బుట్ట పండు స్వయంగా తీసుకెళ్ళేది. బంధువులని కాదు, కులమని కాదు. మా రెండు వీధులూ, తోట దారిలో ఉన్న కూలివాళ్ళ ఇళ్ళూ. ఎందుకమ్మా ఇదంతా అంటే, "మన తోట వాసన వాళ్ళ ఇళ్ళలోకి వెళ్ళిపోతోంది కదరా. దాని వెనకాల పండు వెళ్ళొద్దూ?" అనేది.

అందరికీ ఒకే పండు కాదు. ఏ ఇంటికి ఏ చెట్టు కాయ వెళ్ళాలో, వరిగడ్డిలో ఎన్ని రోజులు మాగాక వెళ్ళాలో, అదంతా ఆవిడ బుర్రలో ఉండేది. తొమ్మిది రోజులు పట్టేది. నలభై రెండు బుట్టలకి తొమ్మిది రోజులేంటని నేను వెనకాల నవ్వుకునేవాణ్ణి.

మొదటి ఏడు, మాఘం

మొదట పాదాలు వాచాయి. వేలితో నొక్కితే గుంట పడి, ఆ గుంట అలాగే ఉండిపోయేది. తర్వాత అన్నం సహించలేదు. నూజివీడులో రక్తపరీక్ష చేసిన కుర్రాడు కాగితం చూసి, మమ్మల్ని చూసి, మళ్ళీ కాగితం చూసి, "విజయవాడ వెళ్ళిపోండి సార్, ఇవాళే" అన్నాడు. హనుమాన్ జంక్షన్ దాటేదాకా నేను కారులో ఒకటే వాగాను. అమ్మ మాత్రం కిటికీలోంచి బాపులపాడు వైపు తోటలు చూస్తూ, "ఈ ఏడు పూత బాగుంది వీళ్ళకి" అంది.

ఆసుపత్రి హాల్లో ఇనప కుర్చీల్లో ఆరుగంటలు కూర్చున్నాం. నా అంచనా ప్రకారం ఆరు రోజులు. పేరు పిలిచినప్పుడల్లా హాలంతా ఒకేసారి లేచి, ఒకేసారి కూర్చునేది. చివరికి డాక్టరుగారు చెప్పారు: రెండు కిడ్నీలూ అయిపోయాయి, వారానికి మూడుసార్లు డయాలసిస్, రోజుకి లీటరుకి మించి నీళ్ళు వద్దు. ఇంకా చెబుతూ, "పొటాషియం గుండెకి ప్రమాదమమ్మా. కొబ్బరినీళ్ళు, అరటిపండు, మామిడిపండు పూర్తిగా బంద్" అన్నారు.

నూజివీడు మనిషికి మామిడిపండు వద్దని మొహం మీదే చెప్పడానికి ఆయనకి ఎంత గుండె ధైర్యం! గుంటూరు వైపాయన అని తర్వాత తెలిసింది. మిరపకాయలు పండించే మనుషులకి ఇలాంటి చోట జాలి ఉండదు.

అమ్మ అడిగింది ఒక్కటే. "తినకూడదు. సరే. పంచొచ్చా?"

"శుభ్రంగా పంచొచ్చమ్మా" అన్నారాయన, ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో తెలియక.

మొదటి వేసవి

నూజివీడులో డయాలసిస్ సెంటరు. సోమ, బుధ, శుక్రవారాలు. పొద్దున్నే ఏడింటికి బయల్దేరితే మధ్యాహ్నానికి తిరిగి రావడం. సూదులు గుచ్చడానికి వీలుగా ఎడమ చేతిలో నరాలు కలిపి కుట్టారు. అక్కడ వేలు పెడితే గుయ్యిమని వణికేది. "చేతిలో తుమ్మెదని పెంచుతున్నా" అని అమ్మ అందరికీ చూపించేది. ప్లాస్టరు పీకేటప్పుడు ముసలి చర్మం ఊడొస్తుందని అక్కడి సిస్టరు ముందు నీళ్ళతో తడిపి, అరంగుళం అరంగుళం తీసేది. ఆ అమ్మాయికి నేను మనసులో ఇప్పటికి నాలుగు గుళ్ళు కట్టించాను.

పక్క మంచం మీద లారీ డ్రైవరు సత్యం ఉండేవాడు. నలభై ఏళ్ళ మనిషి. దాహం ఓర్చుకోవడం అమ్మకి నేర్పింది అతనే. "ఐసు ముక్క బుగ్గన పెట్టుకోండమ్మా. నమలకండి. మా లారీ గేరు మార్చినట్టు నెమ్మదిగా ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి."

ఇంట్లో మామిడిపండు మీద నేను నిషేధం విధించాను. అమ్మ ఎదురుగా ఎవరూ తినకూడదు, మాట ఎత్తకూడదు. మామిడితోటలో ఉంటూ ఒక మనిషికి మామిడికాయ కనపడకుండా చేయడమన్నమాట. నా బుర్ర అలాంటిది. పద్మా, ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి హారికా పశువుల పాక వెనక నిలబడి తినేవాళ్ళు. తర్వాత సబ్బుతో మూతులు కడుక్కునేవాళ్ళు. మూడో రోజు అమ్మ మంచం మీంచే కేకేసింది.

"ఏమే హారికా, ఆ పాక వెనక తింటున్నది పడమటి వరస చిన్నరసమేనా?"

"నేనేం తినలేదు నానమ్మా!"

"తినలేదంటే నాకు దుఃఖం వస్తుంది. ఇలా తెచ్చుకుని నా ఎదురుగా కూర్చుని తిను. ఎలా ఉందో చెప్పు."

"సూపరుంది."

"సూపరంటే రుచి కాదే మొద్దూ. పులుపు ముందొచ్చిందా, వెనకొచ్చిందా? పీచు పళ్ళకి చుట్టుకుందా?"

ఆ వేసవంతా హారిక తింది, అమ్మ విన్నది. నలభై రెండు బుట్టలూ అమ్మే ఇచ్చింది, డయాలసిస్ మిషను లేని రోజుల్లో, గోడలు పట్టుకుని నడుస్తూ. తొమ్మిది రోజుల పని మూడు వారాలు పట్టింది. నన్ను రావద్దంది. నేనూ పెద్దగా బతిమాలలేదు.

రెండో వేసవి

నిజం చెప్పాలంటే ఏడాది తిరిగేసరికి ఇల్లు అరిగిపోయింది. పద్మ తను పాఠాలు చెప్పే స్కూలు మానేసింది. కూరగాయలు ముక్కలు కోసి, ఉడకబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ ఉడకబెట్టి, మళ్ళీ పారబోసి వండేది. ఆ కూర తింటే మనం పుట్టక ముందు నోరు ఎలా ఉండేదో జ్ఞాపకమొస్తుంది. అమ్మకి తోడుగా పద్మ అదే తినేది. నేను సెంటరులో అందరినీ నవ్వించి, 'ఎంత మంచి కొడుకండీ' అనిపించుకుని ఇంటికొచ్చేవాణ్ణి. ఒకరోజు పద్మ, "మీరు ఊరంతా తిరిగి జోకులు పంచి వస్తారు. నేను ఇక్కడ ఆవిడకి గ్లాసుల్లో నీళ్ళు కొలిచి, ఇంకో గుక్క అడిగితే కాదనాలి. ఒక్కరోజు ఆ కాదనడం మీరు చేయండి" అంది. చేశాను. అమ్మ గ్లాసు వైపు చూసింది, నా వైపు చూసింది, గోడ వైపు తిరిగింది. ఆ సాయంత్రం నుంచి పద్మ ముందు నేను గొప్పలు పోవడం చాలావరకు మానేశాను.

అదే నెలలో అమ్మకి లేవడం కష్టమైంది. మిషను దిగాక పిక్కలు పట్టేసి, కళ్ళు తిరిగేవి. ఒక ఆదివారం మామూలుగా, కరెంటు బిల్లు సంగతి చెప్పినట్టు, "అబ్బాయ్, ఇక చాలురా. బుధవారం నుంచి రాను" అంది.

"రాకపోతే ఎలాగమ్మా?"

"ఎలాగేంటి? అందరూ ఎలాగో, నేనూ అలాగే."

జోకు కోసం వెతికాను. దొరకలేదు. బయటికొచ్చి, ఆవిడకి సంతోషం కలిగే పని ఏదైనా చేసి మనసు మార్చాలనుకున్నాను. బుట్టల పని కనపడింది.

ఇక నా ప్రతిభ చూడండి. విజయవాడ నుంచి అట్టపెట్టెలు తెప్పించాను. తోటలో అందంగా ఉండేది బంగినపల్లి. ఒకే సైజువి ఏరి, పెట్టెకి ఎనిమిది చొప్పున పేర్చి, పైన పసుప్పచ్చ రిబ్బను కట్టాను. అందరికీ సమానం. ఎవరికీ ఎక్కువ లేదు, తక్కువ లేదు. సోమవారం సెంటరు నుంచి తిరిగొచ్చాక ట్రాలీ ఆటోలో వేసుకుని, హారను కొడుతూ, మూడు గంటల్లో నలభై రెండు ఇళ్ళూ ముగించాను. తొమ్మిది రోజుల పని! నాకు సన్మానం ఎక్కడ చేస్తారో, శాలువా ఏ రంగుదో కూడా ఆలోచించుకున్నాను.

మంగళవారం పొద్దున్నే పక్కవీధి సుబ్రహ్మణ్యం మాస్టారు వచ్చారు. రిటైరై ఇరవై ఏళ్ళయిన మనిషి, పైగా షుగరు.

"ఏమోయ్, రత్నమ్మగారికి నా మీద కోపమొచ్చిందా?"

"అదేంటి మాస్టారూ!"

"ఏటా పచ్చి కలెక్టరు కాయలు పంపేవారు, పప్పులోకి. అసలు పంపకపోతే అలుగుతాను, తీపి పంపితే తింటాను, అందుకని పులుపు. నువ్వు బంగినపల్లి పంపావు. ఎనిమిదీ తిన్నాను. ఇప్పుడు మా ఆవిడ నన్ను గుమ్మం ఎక్కనివ్వడం లేదు."

నవ్వాను. తర్వాత వచ్చినవాళ్ళు నవ్వనివ్వలేదు. పొలం గట్టు తగాదాతో పదేళ్ళుగా మాట్లాడుకోని అన్నదమ్ములు ఇద్దరున్నారు. అమ్మ ఏటా ఒకే చెట్టు కాయల్ని సగం సగం చేసి, ఒకే పూట ఇద్దరిళ్ళకీ ఇచ్చేదట. మిగతా ఏడాదంతా వాళ్ళిద్దరికీ ఉమ్మడిగా మిగిలింది ఆ ఒక్క చెట్టేనట. "ఈసారి ఊరందరికీ ఇచ్చిందే మాకూ ఇచ్చావా?" అని పెద్దాయన అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం నాగమణి వచ్చింది. రిబ్బను విప్పని పెట్టె తెచ్చి అరుగు మీద పెట్టింది.

నాగమణి భర్త కోటయ్య మా తోటలో కాయ దించేవాడు. పదకొండేళ్ళ కిందట బంగినపల్లి చెట్టు మీంచి కాయ తెంపే చిక్కం గెడతో సహా పడిపోయాడు. ఆసుపత్రికి తీసుకెళ్ళింది నేనే. దారిలోనే పోయాడు. ఈ సంగతి నాకు తెలియదని కాదు. తెలిసిన సంగతీ, కట్టిన పెట్టే నా బుర్రలో ఒకదాన్నొకటి కలుసుకోలేదు, అంతే.

"పెద్దమ్మగారూ," అంది నాగమణి, మంచం మీదున్న అమ్మతో. "మీకు ఒంట్లో బాగాలేదని తెలుసండి. ఇది మీరు పంపింది కాదనీ తెలుసు. పారేయడానికి చేతులు రాలేదు. ఇంట్లో పెట్టుకోడానికీ రాలేదు. అందుకని తెచ్చానండి."

అమ్మ కుడిచేత్తో ఆమె మణికట్టు పట్టుకుని చాలాసేపు వదల్లేదు. అప్పుడు అర్థమైంది నాకు, ఏటా అమ్మ నాగమణి ఇంటికి గట్టువార చెరుకురసం మామిడి బుట్ట మాత్రమే ఎందుకు తీసుకెళ్ళేదో, ఆ పూట భోజనానికి ఎందుకు ఆలస్యంగా వచ్చేదో.

నాగమణి వెళ్తుంటే వీధి మలుపు దాకా వెంటపడ్డాను. "మర్చిపోయాను నాగమణీ. తప్పైంది."

"మీరు మర్చిపోవచ్చు బాబుగారూ," అంది కోపం లేకుండా. "పడింది మీరు కాదుగా."

తిరిగొచ్చేసరికి అమ్మ మంచం మీద లేచి కూర్చుంది. ఆ నెలలో తనంతట తను లేవడం అదే మొదలు.

"రేపు బుధవారమేగా?"

"అవునమ్మా."

"ఏడింటికి బండి తియ్యి. వస్తాను."

"చాలన్నావు కదా?"

"అది నువ్వు మనిషివనుకున్నప్పుడు. ఇంకొక్క కాపు దాకా ఉండాలిరా నేను. నిన్నిలా వదిలేసి పోతే ఊరు నన్ను తిట్టుకుంటుంది."

ఆ యేడు మిగిలిన కాలం

అప్పటినుంచి మా ఇంట్లో ఒకటే పని: అమ్మని వచ్చే వైశాఖానికి చేర్చడం.

విజయవాడ డాక్టరుగారితో అమ్మ బేరం పెట్టింది. "ఈ బండి వచ్చే వేసవి దాకా నడుస్తుందా బాబూ?"

"గ్యారంటీ ఇవ్వలేనమ్మా. నీళ్ళు తగ్గిస్తే, ఒక్క డయాలసిస్ కూడా మానకపోతే, అవకాశం ఉంది."

"నా వంతు నేను చేస్తాను. మీ వంతు మీరు చేయండి. మధ్యలో ఏదైనా అయితే, ముసలిదానికి ఇక ఎందుకులే అనుకోవద్దు. వైశాఖం తర్వాత అనుకోండి కావాలంటే."

ఆయన నవ్వలేదు. కాగితం మీద ఏదో రాసుకున్నారు. వైశాఖమనే రాసుకున్నారని నేను ఊరంతా చెప్పాను.

అమ్మ గ్లాసు అడగడం మానేసింది. పద్మ కొలిచి ఇస్తే, అందులోనూ రెండు గుక్కలు మిగిల్చేది. సెంటరుకి వానలోనూ వెళ్ళాం, బంద్ రోజూ వెళ్ళాం. కార్తీకంలో ఒక శుక్రవారం పక్కమంచం మీద కొత్త దుప్పటి పరిచి ఉంది. సత్యం రాలేదు. సిస్టరు మా వైపు చూడకుండా సూదులు సర్దుకుంది. అమ్మ నాలుగు గంటలూ బుగ్గన ఐసుముక్క పెట్టుకోలేదు. దిగాక, "వాళ్ళావిడ ఫోన్ నంబరు కనుక్కో. వాళ్ళ ఊరు బాపులపాడు పక్కనే" అంది. ఆ విధంగా మా బుట్టల జాబితాలో ఒక ఇల్లు ఊరి పొలిమేర దాటింది.

పుష్యమాసంలో ఒక పొద్దున, కాఫీల వేళ, అమ్మకి ఊపిరి అందలేదు. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. విజయవాడ వెళ్ళేదాకా అంబులెన్సులో నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే, ఆ గోళ్ళ గుర్తులు... లేదు, ఇక్కడ పెంచి చెప్పను. గుర్తులు పడ్డాయి, రెండ్రోజులకి పోయాయి. నాకు భయం వేసింది. చిన్నపిల్లాడికి వేసినట్టు వేసింది.

ఐసీయూ బయట తొమ్మిది రోజులు. నా పక్కన కూర్చున్న ఉంగుటూరు రైతు ఒకాయన, వాళ్ళ తండ్రి కోసం వచ్చినవాడు, మొదటి రోజు నుంచీ తన క్యారియర్‌లో అన్నం రెండు భాగాలు చేసి ఒకటి నా వైపు జరిపేవాడు. అడగలేదు, పిలవలేదు. జరిపేవాడంతే. ఏడో రోజు ఆయన రాలేదు. వాళ్ళ నాన్న ఏమయ్యాడో నేను తెలుసుకోలేదు. తెలుసుకునే ధైర్యం లేకపోయింది.

పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు లోపలికి వదిలేవారు. మిగతావాళ్ళంతా కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చేవాళ్ళు. నేను గొణుక్కుంటూ వచ్చేవాణ్ణి, మర్చిపోకుండా. ఎందుకంటే మా అమ్మ మాస్కు పక్కకి లాగి, ఊపిరికీ ఊపిరికీ మధ్య, ఇళ్ళు చెబుతోంది.

"మాస్టారింటికి... పచ్చి కలెక్టరు. పన్నెండు."

"అమ్మా, మాట్లాడకు."

"సుబ్బాయమ్మకి పళ్ళు లేవు... చిన్నరసం. నాలుగు రోజులు మాగాక. నొక్కితే... మెత్తగా..."

"అమ్మా, మాస్కు!"

"ఆ ఇంటి కోడలు... కడుపుతో ఉంది. దానికి విడిగా."

పూటకి రెండు ఇళ్ళు. నర్సు కసురుకునేది. నాలుగో రోజుకి ఆవిడ కూడా, "ఈ పూట ఏ ఇల్లండీ?" అని అడగడం మొదలుపెట్టింది. పదో రోజు అమ్మని వార్డులోకి మార్చారు. డాక్టరుగారు నా భుజం మీద చెయ్యి వేసి, "నా మందులు సగం. మిగతా సగం ఏంటో మీరే చెప్పాలి" అన్నారు.

మూడో వేసవి

వైశాఖం వచ్చింది. అమ్మ ఉంది.

నడవలేదు. ట్రాలీ ఆటోలో ప్లాస్టిక్ కుర్చీ వేసి, తాడుతో కట్టి, పక్కన దిండ్లు దోపి కూర్చోబెట్టాం. కాళ్ళ దగ్గర బుట్టలు. చేతిలో ఒక వెదురు పుల్ల. నేను ఇంటి ముందు ఆగి బుట్ట తీయగానే ఆ పుల్ల నా చెయ్యి మీద పడేది.

"బుట్ట తర్వాతరా. ముందు లోపలికెళ్ళి కూర్చో. ఇంట్లో ఎవరున్నారు, ఎవరు ఏం తినగలుగుతున్నారు అడుగు. పోయినేటి నోరు ఈ యేడు ఉండదు ఎవరికీ."

ఆమె తొమ్మిది రోజుల రహస్యం అదే. నలభై రెండు ఇళ్ళలో నలభై రెండుసార్లు కూర్చోవడం. కాఫీ ఇస్తే కాదనకుండా తాగడం. (ఇప్పుడు ఆవిడకి బదులు నేను తాగాలి కాబట్టి, ఆ వేసవి నా ఒంట్లో రక్తం బదులు డికాక్షన్ ప్రవహించింది.) అన్నదమ్ములిద్దరి దగ్గరికీ ఒకే పొద్దున వెళ్ళాం. నేను సగాలు చేస్తుంటే అమ్మ కాయలు ఒక్కొక్కటీ చూసి, రెండు అటు నుంచి ఇటు మార్పించింది. "సమానమంటే లెక్క కాదు. చెరో వైపూ ఒకే కొమ్మ పండు పడాలి."

నాగమణి ఇంటి ముందు మాత్రం అమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. "నువ్వెళ్ళు. నేనిక్కడే ఉంటా."

చెరుకురసం బుట్ట పట్టుకుని వెళ్ళాను. నులకమంచం మీద కూర్చోబెట్టింది. టీ ఇచ్చింది. ఏం మాట్లాడాలో తెలియక, కోటయ్య పాట పాడుతూ కాయ దించేవాడని, ఆ గొంతు భరించలేక కాకులు లేచిపోయేవని అన్నాను. నాగమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. "కాకులేంటండి బాబూ, నేనే లేచి పుట్టింటికి పోయాను రెండుసార్లు." ఒక పండు తీసి, తొడిమ దగ్గర కొరికి, జుర్రి, "ఈ యేడు కాస్త పీచెక్కువుంది మీ కాయ" అంది.

బయటికొచ్చి అమ్మకి చెప్పాను. "పీచెక్కువుందన్నదా? నీతోనే అన్నదా?" అంది. కుర్చీ చేతుల మీద రెండు చేతులూ ఆనించి, నాగమణి గుమ్మం వైపు చూసింది. తర్వాత, "పద. ఇంకా పదహారు ఇళ్ళున్నాయి" అంది.

అన్నీ ముగించింది. ఒక్క పండు తినలేదు. కాయలు పట్టుకుని చూసిన చేతులు మాత్రం సాయంత్రం దాకా కడుక్కునేది కాదు.

శ్రావణంలో ఒక మంగళవారం మధ్యాహ్నం, మిషను లేని రోజు, పద్మ తల దువ్వుతుండగా అమ్మ పోయింది. పద్మ ఒక్క కేక వేసింది. నేను వచ్చేసరికి సగం జడ అల్లి ఉంది. పద్మ మిగతా సగం కూడా అల్లి, చివర ముడివేసి, అప్పుడు ఏడ్చింది.

పెద్దకర్మ రోజు ఊరంతా వచ్చింది. మాస్టారు రెండు లడ్డూలు తిని, నా వైపు చూసి, "ఇవాళ ఒక్కరోజుకీ మీ అమ్మ ఏమీ అనదులే" అన్నారు. అని, పక్కకి తిరిగి కళ్ళజోడు తీసేశారు.

ఈ వేసవి

నాకు పదమూడు రోజులు పట్టింది. ప్రతి ఇంట్లో కూర్చున్నాను. రెండు తప్పులు చేశాను. ఒక ఇంటి తాతగారికి పులుపు పడుతోందో లేదో అడగడం మర్చిపోయాను. ఇంకో ఇంటికి ఒకరోజు ముందే తీసుకెళ్ళాను, పండు ఇంకా గట్టిగా ఉంది. ఇద్దరూ మొహం మీదే చెప్పారు. మార్చి ఇచ్చాను. పోయినేటి దాకా నా మీద ఎవరూ అంత చనువుగా విసుక్కోలేదు.

ఆఖరి రోజు మాస్టారింటి మేడ మీద ఎవరో కొత్తగా అద్దెకి దిగారని తెలిసింది. బ్యాంకులో పనిచేసే అమ్మాయి, కడప వైపు నుంచి బదిలీ మీద వచ్చింది. ఒక్కతే ఉంటోంది. ఈ ఇంటి గురించి అమ్మ ఏమీ చెప్పలేదు. అందుకని తోటలో ఉన్న రకాలన్నీ రెండేసి చొప్పున బుట్టలో వేసుకుని మెట్లెక్కాను.

"అయ్యో, వద్దు సార్," అంది ఆ అమ్మాయి. "నాకు మామిడిపండు పడదు. తింటే నోరంతా పొక్కులొస్తాయి."

నా జీవితంలో ఇలాంటి దెబ్బ తినలేదు. ఒక్కటైనా పుచ్చుకోండి, మా కాయ అలాంటిది కాదు, మా కాయ తింటే ఉన్న పొక్కులు పోతాయి అని చెప్పడానికి నోరు తెరిచాను. మూసేశాను. బుట్ట పక్కన పెట్టి మెట్టు మీద కూర్చున్నాను.

"మరి మీకు ఏ పండంటే ఇష్టమమ్మా?"

ఆ అమ్మాయి కాసేపు నన్ను అనుమానంగా చూసింది. తర్వాత తనూ పై మెట్టు మీద కూర్చుంది. "సీతాఫలం సార్. మా ఊరి గుట్టల మీద ఊరికే కాస్తాయి. మా అమ్మ గింజలు తీసి గిన్నెలో వేసిచ్చేది. నాకు ఇప్పటికీ గింజ తీయడం రాదు, ఉద్యోగం మాత్రం వచ్చింది."

గంటసేపు వాళ్ళమ్మ గురించి చెప్పింది. వాళ్ళమ్మ పోయి రెండేళ్ళయిందట. కాఫీ ఇవ్వలేదు, పాలు లేవంది. మంచినీళ్ళిచ్చింది. నిండా ఉన్న గ్లాసు. పూర్తిగా తాగాను.

"మా తోట తూర్పు గట్టు మీద ఒక సీతాఫలం చెట్టుందమ్మా," అన్నాను లేస్తూ. "ఎవరూ పట్టించుకోక తీగలు కమ్మేశాయి. బాగుచేస్తే కార్తీకానికి కాయొచ్చు. అప్పటిదాకా ఉంటారా ఇక్కడ?"

"ట్రాన్స్‌ఫర్ అడుగుదామనుకుంటున్నా సార్. ఎవరూ తెలీదిక్కడ." పక్కనున్న బుట్ట వైపు చూసి, "కార్తీకమా? సరే, ఆగుతాలే" అంది.

మర్నాడు పొద్దున్నే కొడవలీ, పారా, రెండు బకెట్లూ పట్టుకుని తూర్పు గట్టుకి వెళ్ళాను. తీగలు కోసి, పాదు తవ్వేసరికి పది దాటింది. పద్మ వెతుక్కుంటూ వచ్చింది.

"ఏమండీ, కాయ కోత అయిపోయింది, పంపకం అయిపోయింది. ఇంకా ఏం పని మీకు తోటలో?"

"ఒకావిడ కార్తీకం దాకా ఆగుతానంది," అన్నాను.

పద్మ ఎవరని అడగలేదు. చీర కుచ్చిళ్ళు దోపుకుని, రెండో బకెట్టు అందుకుంది.